సుసన్నమ్మ వంటింట్లో ఆదివారం

మే నెల రెండో ఆదివారం, మదర్స్ డే, దగ్గరపడిందంటే మెదక్ వైపు చర్చిల్లో సుసన్నా వెస్లీ పేరు వినబడుతుంది. ఆశ్చర్యమేమీ లేదు. ఇక్కడి సంఘాల్లో చాలావాటికి పునాది వేసింది వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు. ఆ మెథడిస్టులకు మూలపురుషుడు జాన్ వెస్లీ, ఆయన్ని కన్న తల్లి సుసన్నా. 1947లో ఈ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్ఐ) కలిసిపోయినా ఆ తల్లి కథ మాత్రం ఎక్కడికీ పోలేదు. దాని మీద ఒక ఇంట్లో నడిచిన వాదన ఇది. వదిన రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, చర్చిలో స్త్రీల సమాజం కార్యదర్శి. ఆ ఆదివారం సాక్ష్యం చెప్పాల్సింది ఆవిడే. ఆడబిడ్డ హైదరాబాద్‌లో కాలేజీ పిల్లలకు చరిత్ర చెబుతుంది, చర్చికి క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ వస్తుంది. ఇద్దరూ గట్టివాళ్లే. మధ్యమధ్య కుండలీకరణాల్లో ఉన్నవి నా మాటలు.

వదిన: మొదలు ఇట్లా పెట్టాను, విను. పంతొమ్మిది మందిని కన్న తల్లి. తొమ్మిది మంది పసికందులుగానే పోయారు. మిగిలిన పదిమందికీ చదువు తనే చెప్పింది, ప్రార్థన తనే నేర్పింది...

ఆడబిడ్డ: అక్కడే ఆపండి వదినా. ఆ పంతొమ్మిది దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. ఏదో మెడల్ సంఖ్యలాగా చెబుతాం. తొమ్మిది సార్లు పాడె కట్టిన ఇల్లది. 1705లో ఒక పసిబిడ్డ మీదికి నిద్రలో దాది ఒరిగిపోయి ఊపిరాడక పోయింది. అది చెప్పం. పంతొమ్మిదితో కూడా కుటుంబ ప్రార్థన మానలేదు, మీకు ఇద్దరితోనే టైం లేదా అంటాం. వెనక బెంచీలో కూర్చున్నామె ఆ పొద్దున నాలుగింటికి లేచి వంట చేసి, బీపీ మాత్ర మింగి వచ్చి ఉంటుంది. ఆమెకు ఇది సువార్తా, చీవాట్లా?

వదిన: నువ్వు మా చర్చి వెనక బెంచీ చూసి ఎన్నేళ్లయిందో గాని, చీవాట్లని ఎవరూ అనుకోరు. నాలాంటి కష్టం ఇంకొకామె కూడా పడింది, దేవుణ్ని వదల్లేదు అనుకుంటారు. ఆ ఓదార్పు నీకు పుస్తకాల్లో దొరుకుతుంది, వాళ్లకు మందిరంలో దొరుకుతుంది. ఇంకా చెబుతాను విను. ఇంట్లో ఏకాంతం దొరక్క ఏప్రన్ తల మీద కప్పుకుని ప్రార్థన చేసుకునేది. ఆ గుడ్డ తల మీద ఉంటే అమ్మ దేవునితో మాట్లాడుతోందని పిల్లలు సద్దుమణిగేవాళ్లు.

ఆడబిడ్డ: ఆ గుడ్డ తీసేయండి. నేను చదివినంతలో ఆమె ఉత్తరాల్లో ఎక్కడా అది కనబడలేదు, ప్రసంగాల్లోనే పెరిగిన కథలా ఉంది. ఆమె రాసుకున్న దాంట్లో ఉన్నది వేరు. పొద్దునా సాయంత్రమూ ఒక్కో గంట తనకోసం కేటాయించుకుంది. తలుపేసుకుని కూర్చుని చదివింది, ఆలోచించింది, రాసింది. ఇంట్లో తనకంటూ సమయం తీసుకున్న మనిషిని మనం గుడ్డ కింద దాచాం.

వదిన: (కాగితం మీద ఒక గీత కొట్టి) సరే, అది తీసేశాను. మరి ఆ ఇంట్లో దరిద్రం కూడా కథేనంటావా?

ఆడబిడ్డ: అది నిజం. 1705లో అప్పు తీర్చలేక భర్త శామ్యూల్‌ను లింకన్ కోట జైల్లో పెట్టారు. ఇంట్లో డబ్బుల్లేక ఈమె తన ఉంగరాలు పంపింది, అమ్ముకుని తినమని. ఆయన తిప్పి పంపాడు.

వదిన: చూశావా! ఆర్చిబిషప్ అడిగిన ప్రశ్నకు ఆమె చెప్పిన జవాబు కూడా రాసుకున్నాను. ఎప్పుడైనా తిండికి కరువొచ్చిందా అమ్మా అంటాడు యార్క్ ఆర్చిబిషప్. ఖచ్చితంగా చెప్పాలంటే రొట్టె లేని రోజు లేదయ్యా, కాని తినే ముందు దాన్ని సంపాదించడానికీ తిన్నాక దాని అప్పు కట్టడానికీ పడిన యాతనతో ఆ తిండి రుచించలేదు అన్న అర్థంలో చెబుతుంది. ఇది విన్న మన ఆడవాళ్లకు అనువాదం అక్కర్లేదు. కిరాణా కొట్లో ఖాతా పుస్తకం పట్టుకుని నిలబడ్డ ప్రతి ఇల్లాలికీ అర్థమవుతుంది.

ఆడబిడ్డ: అది తప్పకుండా చెప్పండి. దాంతోపాటు ఆమె భర్త పాస్టర్‌గారు ఏం చేస్తున్నాడో కూడా చెప్పండి. యోబు గ్రంథం మీద లాటిన్‌లో లావుపాటి వ్యాఖ్యానం రాస్తున్నాడు. ఆయన చనిపోయాక గాని అది బయటికి రాలేదు. యోబు కష్టాల మీద ఆయన పుస్తకం రాస్తుంటే ఆ కష్టాలు పడింది మాత్రం ఈమె.

వదిన: పాపం ఆయన్ని కూడా అంత తీసిపారెయ్యకు. కవి, పండితుడు. ఆయన పాస్టరుగా ఉన్న లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ ఊరివాళ్లు ఆయన్ని నానా అవస్థలు పెట్టారు. 1709 ఫిబ్రవరిలో ఆ ఇల్లు కాలిపోయిన రాత్రి ఐదేళ్ల జాన్ పైఅంతస్తులో ఇరుక్కుపోయాడు. ఒకరి భుజాల మీద ఇంకొకరు ఎక్కి కిటికీలోంచి దించారు. ఆ కాసేపటికే కప్పు కూలింది. భార్యాభర్తలిద్దరూ కలిసి మోసిన బతుకది. ఆమె భర్తకు లోబడిన స్త్రీ అని కూడా రాశాను.

ఆడబిడ్డ: లోబడిందా! 1701లో కుటుంబ ప్రార్థనలో ఆయన విలియం రాజు కోసం ప్రార్థిస్తే ఈమె ఆమేన్ అనలేదు. ఎందుకనలేదని అడిగితే, ఆయన నాకు రాజు కాడు అంది. ఈమె లెక్కలో రాజంటే దేశం వదిలిపోయిన జేమ్స్ వంశంవాడే. అయితే ఇద్దరు రాజులున్న ఇంట్లో ఒకే మంచం కుదరదని ఆయన లండన్ వెళ్లిపోయాడు. నెలల తరబడి రాలేదు. ఈమె క్షమాపణ చెప్పలేదు. మనస్సాక్షి ఒప్పని మాటకు ఎట్లా క్షమాపణ చెబుతానని పెద్దలకు ఉత్తరాలు రాసింది. 1702లో ఆ రాజు చచ్చిపోయాడు, ఇంట్లో ఒకసారి నిప్పంటుకుంది, అప్పుడు గాని ఆయన కుదురుగా ఇంటికి చేరలేదు. మరుసటి ఏడు పుట్టినవాడే జాన్ వెస్లీ.

(ఈ మాటకు వదిన నవ్వింది. నవ్వి, లోబడిన స్త్రీ అన్న మాట కొట్టేయలేదు. పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.)

వదిన: తండ్రి ముందు కూడా అట్లాగే నిలబడిందిలే. తండ్రి ఇంగ్లండ్ అధికారిక చర్చి నుంచి 1662లో బయటికి నెట్టబడ్డ పాస్టరు. ఈమె పదమూడేళ్లు నిండకముందే రెండు వైపుల వాదాలూ చదివి, మళ్లీ ఆ చర్చిలోకే పోతానంది. తండ్రి సరేనన్నాడు. అంటే ఎవరి మాటా గుడ్డిగా వినే రకం కాదు. కాని పెంకితనం వేరు, మనస్సాక్షి వేరు. ఈ తేడా మీ తరానికి చెప్పాలి.

ఆడబిడ్డ: చెప్పండి. పిల్లల మనస్సాక్షి సంగతి కూడా చెప్పండి. పిల్లల ఇష్టాన్ని ముందు లొంగదీయాలని రాసింది. ఏడాది నిండేసరికి బెత్తానికి భయపడడం, గొంతెత్తకుండా ఏడవడం నేర్పానంది. జాన్‌కు 1732లో రాసిన ఉత్తరంలో ఉంది ఇదంతా. ఏడాది పిల్ల, వదినా! ఇది మీరు చర్చిలో చదువుతారా?

వదిన: చదవను. ముప్ఫై ఏళ్లు బడి నడిపినదాన్ని, బెత్తం నేను ఎప్పుడో పక్కన పెట్టాను. మూడొందల ఏళ్ల కిందటి ఇళ్లలో అదే పద్ధతి. కాని ఆ ఉత్తరం నువ్వు సగమే చెప్పావు. తప్పు ఒప్పుకుని ఇంకెప్పుడూ చేయనన్న పిల్లను కొట్టకూడదని కూడా రాసింది. ఎందుకు? కొడతారన్న భయంతోనే పిల్లలు అబద్ధాలు నేర్చుకుంటారని. ఒకసారి శిక్షించిన తప్పును మళ్లీ ఎత్తిపొడవకూడదంది. పని సరిగ్గా రాకపోయినా మంచి చేద్దామని చేసిన పనిని మెచ్చుకోవాలంది. ఇవి ఇవాళ బీఈడీలో చెప్పినా కొత్తగానే ఉంటాయి. ఆఖరి నియమం చూడు. ఆడపిల్లకు చదవడం బాగా వచ్చేదాకా కుట్టుపని, ఇంటిపని చేతికియ్యొద్దు. ఏ కాలంలో? మన ఊళ్లలో ఆడపిల్లను బడికి పంపమని బైబిలు స్త్రీలు గడపగడపకూ తిరగడానికి ఎంతో ముందు.

ఆడబిడ్డ: ఇది ఒప్పుకుంటాను. ఐదో పుట్టినరోజు మర్నాడు అక్షరాలు మొదలు, ఒక్క రోజులో అయిపోవాలి. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు, మళ్లీ రెండు నుంచి ఐదు. మేరీకీ ఆన్‌కూ ఒకటిన్నర రోజు పట్టిందని వాళ్లను మొద్దులనుకుందట, పాపం. మర్నాడు ఆదికాండం మొదటి అధ్యాయం.

వదిన: దానికన్నా నాకు నచ్చింది వారంలో ఒక్కొక్కరికీ ఒక్కో సాయంత్రం. ఇల్లు కాలాక పిల్లల్ని ఆ ఇంటికీ ఈ ఇంటికీ పంచాల్సి వచ్చింది, తిరిగొచ్చేసరికి మర్యాదలన్నీ మరిచారు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఇది మొదలుపెట్టింది. ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టుకుని మాట్లాడడం. గురువారం జాన్‌ది, శనివారం తమ్ముడు చార్లెస్‌ది. బెత్తం తిన్న కొడుకు పెద్దవాడై, ఆక్స్‌ఫర్డ్‌లో ఫెలో అయ్యాక, అమ్మా నాకు ఆ గురువారం సాయంత్రంలో కొంచెం మళ్లీ ఇవ్వవా అన్న అర్థంలో ఉత్తరం రాశాడు. భయపెట్టి పెంచిన తల్లికి ఆ ఉత్తరం రాదు.

(దీనికి ఆడబిడ్డ దగ్గర జవాబు లేదు. టీ పెడతానని లేచింది. అసలు వాదన వంటింట్లోనే మొదలైంది, అది సబబే.)

ఆడబిడ్డ: ఇంతసేపు చెప్పినదాంట్లో అసలు సంగతి లేదు వదినా. 1711 చలికాలం. భర్త సభల పని మీద లండన్‌లో ఉన్నాడు. ఆయన బదులు పెట్టిన కుర్ర పాదిరి ఇన్‌మన్ ప్రసంగాలు ఈమెకు రుచించలేదు. ఆదివారం సాయంత్రం వంటింట్లో పిల్లలకూ పనివాళ్లకూ ఒక ప్రసంగం చదివి, ప్రార్థన చేయడం మొదలుపెట్టింది. పనబ్బాయి ఇంట్లో చెబితే వాళ్ల అమ్మానాన్న వస్తామన్నారు. ఇరుగుపొరుగు వచ్చారు. ముప్ఫై నలభై మంది అయ్యారు. 1712 మొదట్లో రెండొందలు దాటారు. నిలబడ్డానికి చోటు లేక తిరిగిపోయినవాళ్లు కూడా ఉన్నారు. ఇది మీ కాగితంలో ఎక్కడుంది?

వదిన: ఉంది. చివర ఒక వాక్యం.

ఆడబిడ్డ: మొదట ఉండాలి. ఆ పుస్తకం సంగతి తెలుసా? పెద్ద కూతురు ఎమీలియా నాన్న గదిలోంచి ఒక పుస్తకం తెచ్చి చదివి వినిపించింది. మన తరంగంబాడిలో 1706లో దిగిన జీగెన్‌బాల్గ్, ప్లూచౌ గురించి. ఆ డేనిష్ మిషన్ వాళ్ల వృత్తాంతం విన్నాక చాలా రోజులు ఇంకేదీ తలకెక్కలేదని, నేను మగవాణ్ని కాకపోయినా, పాదిరిని కాకపోయినా ఇప్పుడు చేస్తున్నదానికన్నా ఎక్కువే చేయగలను కదా అనిపించిందని ఆమే భర్తకు రాసింది. బంగాళాఖాతం ఒడ్డున తమిళ పల్లెల్లో జరిగిన పని లింకన్‌షైర్ వంటింట్లో దీపం వెలిగించింది. ఆ తరంగంబాడి మిషన్‌కే తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసు చేరి తెలుగు నేర్చుకుని బైబిలు తెలుగులో పెట్టాడు. సీమ నుంచి మనకు అన్నీ వచ్చాయంటాం గాని, సుసన్నమ్మకు ధైర్యం మన తీరం నుంచి పోయింది.

వదిన: ఇది నాకు తెలియదు. (రాసుకుంటూ) పేరు మళ్లీ చెప్పు. జీగెన్...

ఆడబిడ్డ: బాల్గ్. ఇప్పుడు ఉత్తరాల సంగతి. ఇన్‌మన్ లండన్‌కు ఫిర్యాదు రాశాడు. పొద్దున తన ఆరాధనకు వచ్చేవాళ్లకన్నా సాయంత్రం అమ్మగారి వంటింటికి వచ్చేవాళ్లు ఎక్కువ, అదీ ఆయన బాధ. భర్త ఉలిక్కిపడి రాశాడు: వింతగా ఉంది, నువ్వు ఆడదానివి, నేను పదవిలో ఉన్నవాణ్ని, ఎవరైనా మగవాళ్లతో చదివించరాదా అని. ఆమె జవాబు చూడండి. వచ్చినవాళ్లలో ఒక్క మగవాడు కూడా కూడబలుక్కోకుండా ప్రసంగం చదవలేడు అంది. ఇంకో మాట. అంతకుముందు సాయంత్రం ఆరాధనకు ఇరవై పాతికమంది వచ్చేవాళ్లు, ఇప్పుడు రెండు మూడొందల మంది చర్చికే వస్తున్నారంది. ఇక చివరి మాట. మానేయమని నీ కోరిక అని రాయకు, నా మనస్సాక్షికి అది చాలదు. మానేయమని స్పష్టంగా ఆజ్ఞ రాసి పంపు, ఈ మేలు చేసే అవకాశం పోగొట్టిన దోషం తీర్పు రోజున నా మీద లేకుండా ఉండేలా. ఆయన ఆ ఆజ్ఞ రాయలేదు.

వదిన: నువ్వు దీన్ని తిరుగుబాటు అనుకుంటున్నావు. నేను అట్లా చదవను. ఆమె ఆ ఉత్తరంలో నిలబడింది దేని మీద? నేను ఇంటి యజమానురాలిని, ఈ ఇంట్లో ప్రాణాల లెక్క దేవుడు నన్ను కూడా అడుగుతాడు అని. అమ్మతనం నుంచే ఆమెకు ఆ అధికారం వచ్చింది. నువ్వు అమ్మను పక్కన పెట్టి ప్రసంగీకురాలిని మాత్రం తీసుకుంటానంటే కుదరదు. రెండూ ఒకటే మనిషి, ఒకటే వంటిల్లు.

ఆడబిడ్డ: మరి పెళ్లి కానామెకు, పిల్లలు లేనామెకు ఆ అధికారం ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మవైతేనే దేవుడు మాట్లాడనిస్తాడా?

వదిన: అది నా సుసన్నా జవాబు చెప్పాల్సిన ప్రశ్న కాదు, మన సంఘాలు చెప్పాల్సింది. ఆమె మాత్రం తర్వాత ఇంకో తలుపు కూడా తీసింది. లండన్‌లో థామస్ మాక్స్‌ఫీల్డ్ అనే మామూలు మనిషి, పాదిరి పట్టం లేనివాడు, ప్రసంగం చేశాడని జాన్ కోపంతో పరుగెత్తుకొచ్చాడు. డెబ్భై దాటిన తల్లి ఆపింది. జాగ్రత్త, నీకు ఎంత నిజంగా దేవుని పిలుపుందో అతనికీ అంతే ఉంది, ముందు విని చూడు అంది. ఆయన విన్నాడు, తగ్గాడు. పట్టం లేని ప్రసంగీకులతోనే మెథడిజం ఊరూరా పాకింది. ఈ మెదక్ దాకా వచ్చింది.

ఆడబిడ్డ: ఆ తలుపు కొడుకులకు తెరిచింది. కూతుళ్లకు? బతికిన పదిమందిలో ముగ్గురు కొడుకులు, ముగ్గురూ ఆక్స్‌ఫర్డ్. ఏడుగురు కూతుళ్లు ఇంట్లో. మెహెటబెల్, అందరూ హెట్టీ అనేవాళ్లు, ఎనిమిదేళ్లకే గ్రీకు కొత్త నిబంధన చదివిందంటారు. అన్నదమ్ములకు తీసిపోని కవి. ఒకణ్ని నమ్మి ఇల్లు వదిలిపోయింది, వాడు పెళ్లాడలేదు, గర్భంతో తిరిగొచ్చింది. 1725లో తండ్రి ఆమెను ప్లంబరు పని చేసే విలియం రైట్‌కు కట్టబెట్టాడు. తాగుబోతు. పిల్లలు పుట్టి పుట్టి పోయారు. తండ్రి ఆమెను మనసారా క్షమించలేదు. పాపుల మీద కూడా ప్రేమ చూపాలని జాన్ తండ్రి చర్చిలోనే ప్రసంగం చేసి ఆయన కోపానికి గురయ్యాడు. మరి తల్లి? రాజు కోసం ఆమేన్ అననంటూ నిలబడ్డ తల్లి, ఆ పెళ్లి ఆపలేదు.

(వదిన చాలాసేపు మాట్లాడలేదు. గ్లాసులో టీ చల్లారింది.)

వదిన: దీనికి నా దగ్గర సమర్థన లేదు. మన ఇళ్లలో కూడా ఇదే. సంఘం ముందు పరువు అనేసరికి ప్రార్థన చేసే తల్లులే ముందు తలుపు వేస్తారు. ఇట్లాంటి ఒక పిల్ల పెళ్లికి కూర వండిపెట్టిన చేతులే నావి కూడా. చెబుతాను. హెట్టీ గురించి కూడా చెబుతాను.

ఆడబిడ్డ: అది చెబితే మిగతాదంతా నమ్ముతారు. చివరికి ఆమె సమాధి సంగతి కూడా ఉంది. 1742 జూలైలో లండన్‌లో చనిపోతే బన్‌హిల్ ఫీల్డ్స్‌లో పూడ్చారు. మొదటి రాయి మీద చార్లెస్ పద్యం. అందులో ఆమె డెబ్భై ఏళ్లు చీకట్లోనే గడిపిందని. ఎవరు ఎవరికి బైబిలు నేర్పారో మరి! తర్వాత ఇంకో రాయి పెట్టారు. ఫలానా ఆయన కూతురు, ఫలానా ఆయన భార్య, పంతొమ్మిది మందికి తల్లి, అందులో జాన్, చార్లెస్ ప్రసిద్ధులు. వంటింటి మాట లేదు. పోయినేడు మదర్స్ డేకి మా అమ్మకు శాలువా కప్పినప్పుడు కూడా ఇదే. ఫలానా పెద్దాయన భార్య, నలుగురు పిల్లల్ని సంఘంలో పెంచిన తల్లి అన్నారు. నలభై ఏళ్లు సండే స్కూలు నడిపింది. వారం వారం పిడికెడు బియ్యం కుండలు పోగుచేసి అమ్మి చర్చి పైకప్పుకు డబ్బు కూర్చింది. మైకు చేతికిస్తే వణుక్కుంటూ వందనాలు అంది. అంతే, తీసేసుకున్నారు.

వదిన: అత్తమ్మకు ఇంకో మాట ఉండింది. ఇంటికొచ్చాక నాతో చెప్పింది. నీకు చెప్పలేదు. యోనా మీద మాట్లాడదామని వారం రోజులు చదువుకుందట.

ఆడబిడ్డ: ...అమ్మ?

వదిన: అవును. నువ్వు ఆమెను బాధితురాలు అనుకుంటావు, సంఘం ఆమెను త్యాగమూర్తి అంటుంది. ఏం చెబుతావమ్మా అని ఆమెను ఎవరూ అడగరు. జాన్ వెస్లీ కూడా మొదట ఆడవాళ్ల ప్రసంగం దగ్గర తడబడినవాడే, 1761లో సారా క్రాస్బీ అనే ఆవిడ రెండొందల మంది ముందు మాట్లాడాల్సి వచ్చినప్పుడు నువ్వు హద్దు దాటలేదని రాశాడు. మన సీఎస్ఐలో 2013లో నంద్యాలకు పుష్పలలితగారు బిషప్ అయ్యారు. దారి ఉంది. మన చర్చిలో మదర్స్ డేకి ప్రసంగం అయ్యగారిది, పది నిమిషాల సాక్ష్యం మాది, మధ్యాహ్నం బిర్యానీ కూడా మాదే.

ఆడబిడ్డ: మరి ఏం చేస్తారు?

వదిన: ఈ ఏడు పది నిమిషాలూ వంటింటి సంగతికి, హెట్టీకి. పంతొమ్మిది చివర ఒక వాక్యం. వచ్చే ఏడు ఆ ఆదివారం ప్రసంగం స్త్రీల సమాజానికి ఇవ్వాలని పాస్టరేట్ కమిటీకి ఉత్తరం రాస్తున్నాను. ప్రసంగం అత్తమ్మ చేస్తుంది, యోనా మీదే.

ఆడబిడ్డ: చూద్దాంలే అమ్మా, అది మన ఆనవాయితీ కాదు అంటే?

వదిన: కాదంటే కాదని మినిట్స్ పుస్తకంలో రాసి, సంతకాలు పెట్టి ఇమ్మంటాను.

ఉత్తరం మీద స్త్రీల సమాజంలోని అందరి సంతకాలూ పడ్డాయి, అత్తమ్మది మొదటిది. ఇది రాసేనాటికి కమిటీ నుంచి జవాబు రాలేదు. మీ చర్చిలో ఆ ఆదివారం ప్రసంగం ఎవరిదో ఒకసారి కనుక్కోండి.